ఆకు వేయకూడని పూట

నాకు కోపం ఎక్కువ. ఇది ముందే చెప్పేస్తే మీకూ నాకూ పని తేలిక. మదనపల్లెలో మా నాయన బట్టల అంగడిలో పెరిగినదాన్ని నేను. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా నా హోంవర్కంతా ఆ అంగడిలోనే, జాకెట్టు గుడ్డల తానుల మధ్య ఇరుక్కుని కూర్చుని చేశాను. నాయన ఇనుప మీటరు కడ్డీతో గుడ్డ కొలిచేవాడు. కొలిచి, చించి, మడిచి ఇచ్చేలోపు ఆ కడ్డీ చివర ఒకసారి వచ్చి నా నోటుపుస్తకాన్ని తట్టేది. "రాయి" అనేవాడు. వచ్చినవాళ్లతో నవ్వుతూనే, బేరం ఆడుతూనే, నా వైపు చూడకుండానే అనేవాడు. నేను రాశాను. ఫస్టుక్లాసులో పాసయ్యాను, టీచరు ట్రైనింగు చేశాను. కాబట్టి పిల్లలు చదవాలంటే ఏం చేయాలో నాకు తెలుసని చాలా ఏళ్లు గట్టిగా నమ్మాను. పక్కన ఒక కడ్డీ ఉండాలి, "రాయి" అనే గొంతు ఉండాలి. మిగిలినవన్నీ కబుర్లు అనుకునేదాన్ని.

ట్రైనింగు అయిన ఏడాదే పెళ్లి చేశారు. పుంగనూరుకు నాలుగైదు మైళ్ల దూరంలో ఒక పల్లె. తొంభైల మొదటి సంవత్సరాలు. మా ఆయన బోరుబావుల మోటార్లు రిపేరు చేసేవాడు. మామ అప్పటికే లేడు. రెండెకరాల మల్బరీ తోట, తోట పక్కన పెంకులు కప్పిన పొడుగాటి మట్టిగోడల ఇల్లు, అందులో పట్టుపురుగులు, వాటన్నిటికీ పెద్దదిక్కుగా మా అత్త. అత్తకు అక్షరం ముక్క రాదు. ఎక్కడన్నా వేలిముద్ర వేయాల్సి వస్తే, ఇంటికొచ్చి ఆ వేలిని సీకాయతో అరగదీసినంత పని చేసేది. సిరా వాసన పురుగులకు పడదని ఆమె భయం.

ఆ పురుగుల ఇంట్లోకి పోవాలంటే ఉన్నన్ని నియమాలు నేను ఏ గుడిలోనూ చూడలేదు. చెప్పులు బయట. గడప దగ్గర బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్లలో కాళ్లు ముంచాలి. చేతులు మోచేతుల దాకా కడగాలి. తలలో పూలు ఉండకూడదు, మొహానికి పౌడరు ఉండకూడదు. కొత్త కోడల్ని, టౌను పిల్లని, పౌడరు లేకుండా గడప దాటి ఎరగనిదాన్ని. మొదటిరోజు అత్త నన్ను గడప దగ్గరే ఆపి, దగ్గరికొచ్చి నా చెంప వాసన చూసి, "మొగం కడుక్కోని రామ్మా" అంది. నాకు ఒళ్లు మండింది. అయినా కడుక్కుని వచ్చాను.

లోపల చీకటి చీకటిగా, చల్లగా ఉంది. అరలు అరలుగా వెదురు తట్టలు. నేను రెండడుగులు వేసి ఆగిపోయాను. పైన వాన పడుతున్న చప్పుడు. సన్నగా, ఎడతెగకుండా పెంకుల మీద తుంపర పడుతున్నట్టు. తీగ మీద ఆరేసిన బట్టలు గుర్తొచ్చి గబగబా బయటికి పరిగెత్తాను. బయట ఎర్రటి ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు. మళ్లీ లోపలికొచ్చాను. మళ్లీ వాన. అత్త నన్ను చూసి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మేస్తాండాయి" అంది.

వేల పురుగులు ఒక్కసారిగా ఆకు కొరికితే వచ్చే చప్పుడు అది. అంత చిన్న నోళ్లు. ఒక పురుగును చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినపడదు. అన్నీ కలిస్తే కప్పు మీద వాన. నాకు అప్పటిదాకా ఇరవై రెండేళ్లలో అంత ఆశ్చర్యం ఎప్పుడూ కలగలేదు. ఆ పూట అన్నం తినడానికి కూడా ఇష్టం లేక అక్కడే నిలబడి విన్నాను.

అయితే విన్నంత మాత్రాన పని రాదు కదా. ఈ పురుగు పుట్టినప్పటి నుంచి గూడు కట్టే దాకా నాలుగుసార్లు మేత మానేస్తుంది. తల పైకెత్తి, ఎక్కడిదక్కడే కదలకుండా ఒక పగలూ ఒక రాత్రీ ఉండిపోతుంది. ఆ సమయంలో లోపల పాత తోలు వదిలి కొత్త తోలు తయారవుతుంది. దాన్ని మా వాళ్లు పురుగు కూర్చోవడం అంటారు. కూర్చున్న పురుగుకు ఆకు వేయకూడదు. కదిలించకూడదు. తట్ట పొడిగా ఉండాలి, గాలి ఆడాలి. అన్నీ లేచాకే మళ్లీ మేత. ఇదంతా ఇప్పుడు ఎంతో తెలిసినదానిలా చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు తెలిసింది సున్నా. ఆ మొదటి పంటలో నేను చూసింది చివరి మేతను మాత్రమే.

రెండో పంటలో పురుగులు మూడుసార్లు కూర్చుని లేచేదాకా నేను మదనపల్లెలో పుట్టింట్లో ఉన్నాను. తిరిగొచ్చిన మరుసటిరోజే నిమ్మనపల్లె నుంచి కబురొచ్చింది, అత్త వాళ్ల అన్న పోయాడని. అత్తా, మా ఆయనా ఉన్నపళంగా బయల్దేరారు. పోతూ పోతూ అత్త తట్టలన్నీ ఒకసారి చూసుకుని, "ఇంకా రెండు దినాలు మేస్తాయి. పొద్దు వాలినాక ఒకసారి, తెల్లారి ఒకసారి ఆకు వెయ్యమ్మా. రేపు మద్యాన్నానికి నేనొచ్చేస్తా" అంది. ఆమె లెక్క ఎప్పుడూ తప్పదు. కానీ ఆ ఏడు ఎండలు ముదిరాయి. వేడికి పురుగులు ముందే కూర్చున్నాయి.

సాయంత్రం నేను ఆకు తీసుకుని లోపలికెళ్లేసరికి వాన చప్పుడు లేదు. తట్టలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. పొద్దున వేసిన ఆకు వేసినట్టే ఉంది. పురుగులన్నీ తలలెత్తి, ఒళ్లు నిగనిగలాడుతూ, ఏదో చూస్తున్నట్టు బిగుసుకుపోయి ఉన్నాయి. అత్త ఒక్క పూట నా చేతికి అప్పగిస్తే అన్నీ చచ్చిపోతున్నాయనుకున్నాను. ఆకు ముదిరిందేమో, వాడిందేమో అనిపించింది. తోటలోకి పరిగెత్తి లేత చివుళ్లు కోసుకొచ్చాను. సన్నగా తరిగాను. తాజాగా ఉంటుందని నీళ్లు చిలకరించి మరీ పరిచాను. తినలేదు. దాని మీద ఇంకో దఫా వేశాను. తెల్లవారి ఇంకోటి. తట్ట అంచు మీద వేలితో తట్టి "తినండి" అన్నాను. "తినండే" అని అరిచాను. ఆ గొంతు ఎవరిదో మీకు తెలుసు.

మధ్యాహ్నం అత్త వచ్చింది. చావు ఇంటి నుంచి వచ్చింది కాబట్టి తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని లోపలికి వెళ్లింది. నేను వెనకే వెళ్లి, ఎంత కష్టపడ్డానో చెప్పుకుంటూ నిలబడ్డాను. ఆమె ఒక తట్ట కిందికి దించి, పైనున్న ఆకు పొరలు ఒక్కొక్కటే తీసింది. కింద ఆవిరి పట్టి, తడిసి ముద్దయి ఉంది. కొన్ని పురుగులు ముందే లేచి తినేసి లావెక్కాయి. చాలావాటికి తోలు సగంలో ఆగిపోయింది. కొన్ని మెత్తబడి పసుపుపచ్చగా మారాయి. తట్ట తర్వాత తట్ట అలాగే చూసింది. నేను మాట్లాడడం ఎప్పుడు ఆపానో నాకే తెలియదు.

"మేసేదానికి పెట్టాల గానీ, కూసున్నదానికి పెడతారామ్మా?" అంది చివరికి. తట్ట పక్కకు పెట్టి, "నాదేలే తప్పు. సెప్పి పోకపోతిని" అంది.

ఆ సాయంత్రం తోట వెనక గుంత తీసి, పురుగులను పోసి, సున్నం చల్లి మట్టి కప్పాం. తట్ట మోసుకుంటూ నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఓదార్చనూ లేదు. తట్టలు కడగడానికి నీళ్లు తోడుకురమ్మంది.

ఆ తర్వాత నేను పురుగుల ఇంటి గడప తొక్కడం మానేశాను. ఇంకో సంగతి కూడా జరిగింది. టీచరు ఉద్యోగానికి డీఎస్సీ పరీక్ష రాయాలని పుట్టింటి నుంచి పుస్తకాలు తెచ్చుకున్నాను. ఒక ఇనుప పెట్టె నిండా. వాటిని కూడా తెరవలేకపోయాను. పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అక్షరాలు అక్షరాల్లాగే ఉండిపోయేవి. నావల్ల ఏదీ కాదనే మాట లోపల నాటుకుపోయింది. మదనపల్లె వెళ్తే నాయన నన్ను చూడగానే "దరఖాస్తు రాసినావా?" అని అడిగేవాడు. రెండుసార్లు అడిగించుకుని వెళ్లడమే మానేశాను. ఈ ఇంట్లో అయితే నన్ను అడిగేవాళ్లే లేరు. అత్త అడగలేదు. మా ఆయన అడగలేదు. పెట్టె మీద దుప్పట్లు చేరాయి, ఆ మధ్యలో పుట్టిన పాప ఉయ్యాల గుడ్డలు ఆ దుప్పట్ల మీద చేరాయి. చదువుకున్న కోడలని ఊళ్లో చెప్పుకోవడానికే గానీ, నా చదువు వీళ్లకు పట్టదని అనుకున్నాను. ఆ బాధ బయటికి చెప్పలేదు. చెప్పకపోయినా మనసులో చాలా ఏళ్లు మోశాను.

ఏడాది దాటాక ఒకరోజు, ఎందుకో తెలియదు, పాపను పడుకోబెట్టి పెట్టె తెరిచాను. ఆ రోజు పదిహేను పేజీలు చదివాను. మరుసటిరోజు ఇంకా ఎక్కువ. తర్వాత పరీక్ష రాశాను, మొదటిసారికే ఉద్యోగం వచ్చింది. నా కష్టం నేను పడ్డానని, ఎవరి సాయమూ లేదని అనుకున్నాను. అప్పట్లో నన్ను పొద్దున ఆకు కోతకు పిలవడం మానేశారు. అది కూడా నన్ను లెక్కచేయకపోవడం కిందే జమకట్టుకున్నాను.

రెండు వేల తర్వాత నాకు కుప్పం వైపు బదిలీ అయింది. ముగ్గురం కుప్పంలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని దిగాం. అత్త తోటనూ పురుగులనూ వదిలి రానంది. పాప అప్పటికి మూడో తరగతి. పల్లెలో తెలుగు బడిలో ఫస్టు వచ్చే పిల్ల. నేను టీచరును కాబట్టి, నా కూతురు ఇంగ్లీషు మీడియంలో ఉండాలని పట్టుబట్టి ఒక ప్రైవేటు బడిలో చేర్పించాను. క్లాసులో ఇంగ్లీషు. ఆటస్థలంలో సగం మంది పిల్లలు తమిళం, కొందరు కన్నడం. తెలుగు మాట్లాడే పిల్లలది కూడా వేరే యాస. పాప మొదటి నెల రోజులు హోంవర్కు చేసింది. తర్వాత తగ్గించింది. నవంబరు వచ్చేసరికి పూర్తిగా ఆపేసింది.

మారాం చేసి ఆపలేదు. అదే నన్ను పిచ్చిదాన్ని చేసింది. సాయంత్రం బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కునేది, పాలు తాగేది, పుస్తకాలు తీసేసిన నా పాత ఇనుప పెట్టెనే బల్లగా చేసుకుని దాని మీద నోటుపుస్తకం తెరిచి కూర్చునేది. పెన్సిలు పట్టుకునేది. అంతే. గంటసేపు పుస్తకంలోకి చూస్తూ అలాగే ఉండేది. ఒక్క అక్షరం రాసేది కాదు. మాటలు కూడా తగ్గిపోయాయి. అడిగితే తల ఊపడం, లేకపోతే అదీ లేదు.

నేను చేయనిది లేదు. బుజ్జగించాను. సైకిలు కొనిపెడతానన్నాను. పక్కింటి పిల్లతో పోల్చి సిగ్గుపరిచాను. పక్కన కూర్చుని "రాయి, రాయి" అని గంటకు వందసార్లు అన్నాను. నా బడిలో నలభై మంది పిల్లలతో హోంవర్కు చేయించేదాన్ని, ఇంట్లో ఒక్కదానితో చేయించలేకపోతున్నానని తల కొట్టేసినట్టుండేది. ఒక సాయంత్రం చెక్క స్కేలుతో దాని అరచేతిలో కొట్టాను. స్కేలు రెండు ముక్కలైంది. పాప ఏడవలేదు. వంగి, కింద పడిన ముక్కను తీసి, నా చేతిలో ఉన్న ముక్కను కూడా తీసుకుని, రెండింటినీ పెట్టె మీద పక్కపక్కనే పెట్టింది. మళ్లీ పుస్తకంలోకి చూస్తూ కూర్చుంది. ఆ అరచెయ్యి ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. ఆ దెబ్బకు నన్ను నేను క్షమించుకోలేదు.

డిసెంబరు మొదట్లో బడివాళ్లు పిలిపించారు. "ఈ నెలాఖరు దాకా చూస్తాం మేడం. అప్పటికీ ఏమీ రాయకపోతే ఒకటో తరగతిలో కూర్చోబెడతాం" అన్నారు. తనకంటే రెండేళ్లు చిన్నపిల్లల మధ్య కూర్చుంటే ఈ పిల్ల ఇక నోరే విప్పదని నాకు భయం పట్టుకుంది. బడి పోతే పోయింది, పిల్లే చేజారిపోతోందనిపించింది.

ఆ డిసెంబరులోనే, పంటకూ పంటకూ మధ్య తీరిక దొరికి, అత్త మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. పలమనేరులో బస్సు మారి, వెంకటగిరికోట మీదుగా, ఒక గోనెసంచి నిండా చిక్కుళ్లలాంటి అనపకాయలు మోసుకుని దిగింది. వచ్చినరోజు సాయంత్రం నేను పాప పక్కన కూర్చుని నా పాట మొదలుపెట్టాను. అత్త గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని చూసింది. రెండోరోజూ చూసింది, పెట్టె పక్కన పడి ఉన్న విరిగిన స్కేలు ముక్కలనూ చూసింది. మూడోరోజు లేచి వచ్చి, పాపకు కొంచెం పక్కగా వంగి, దాని మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. తట్ట మీద వంగి చూసే చూపు అది.

నన్ను వంటింట్లోకి పిలిచింది.

"యాల కొడతాండావు బిడ్డను?"

"రాయలేదత్తా. నెల దాటింది, ఒక్క ముక్క రాయలేదు."

"రాయకపోతే యాడికన్నా పారిపోతాండాదా? పుస్తకం ఇసిరికొట్టిందా?"

"లేదు."

"దినామూ వచ్చి దాని ముందరే కూసుంటాండాది గదా. కండ్లు దానిమీదనే ఉండాయి గదా."

"చూస్తే ఏం లాభమత్తా, రాయాల గదా!"

అత్త నా మొహంలోకి చూసింది. "ఆ బిడ్డ కూసోనుండాది" అంది. "నువ్వు ఆకు మీద ఆకు ఏస్తాండావు."

నాకు ఒక్కసారి ఆ తడి తట్టల వాసన వచ్చింది. పదేళ్ల కిందటి ఆవిరి. అయినా నా నోరు ఊరుకోదు కదా, "పురుగయితే ఒక్కరోజులో లేస్తుంది. ఇది ఎన్నాళ్లకు లేస్తుంది? నెలాఖరుకు బడివాళ్లు ఊరుకోరు" అన్నాను.

"ఎన్నాళ్లో నాకేం తెల్సు? లేసినప్పుడు తెలుస్తాది. నువ్వు గమ్మునుండు."

గమ్మునుండడం కంటే కష్టమైన పని నా జీవితంలో నేను చేయలేదు. అత్త ఇంట్లో కొత్త కట్టుబాట్లు పెట్టింది. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా టీవీ లేదు. ఇంటికి ఎవరొచ్చినా పాపను "ఏం చదువుతున్నావు" అని అడగకూడదు. కిటికీ తలుపులు తెరిచి ఉంచాలి. నా చేతులు స్కేలు కోసం వెతుకుతాయని ఆమెకు తెలుసు. అందుకే నా ముందు నానబెట్టిన అనపగింజల గిన్నె పెట్టింది. పితికిపప్పు చేయమంది. మా వైపు వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నానిన గింజను రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు జారి గిన్నెలో పడుతుంది. ఒక్కో గింజా అలాగే. మా నలుగురికి పావు శేరు చాలు. నేను ఆ నెలలో పితికిన పప్పుతో వీధంతా కూర వండుకుంది.

పాప రోజూ వచ్చి కూర్చునేది. మేం పప్పు పితికేవాళ్లం. ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. నా నాలుక చివరి దాకా "రాయి" వచ్చేది, గింజ నొక్కేదాన్ని. పాప నన్ను అప్పుడప్పుడు ఓరగా చూసేది. స్కేలు ఎప్పుడు వస్తుందా అని చూస్తోందని అర్థమై చేతులు గిన్నెలోనే ఉంచుకునేదాన్ని. నాలుగైదు రోజులకు ఆ చూపు తగ్గింది. భుజాలు కొంచెం కిందికి దిగాయి. అంతకు ముందు అవి బిగుసుకుని ఉన్నాయని కూడా నేను గమనించలేదు. నలభై మంది పిల్లల్ని చూసే టీచరును, ఇంట్లో ఉన్న ఒక్క పిల్ల భుజాలు చూడలేదు.

తొమ్మిదోరోజో పదోరోజో, పాప పుస్తకం మీద నుంచి తలెత్తి అడిగింది. "అవ్వా, నానబెట్టకపోతే పప్పు రాదా?"

"రాదు. గోరు ఇరుగుతాది" అంది అత్త, తలెత్తకుండా.

అన్ని వారాల తర్వాత దానంతట అది అడిగిన మొదటి ప్రశ్న. నేను ఆగలేకపోయాను. "పాపా! చూశావా, ఎంత బాగా అడిగావో! ఏదీ, ఆ పెన్సిలు తీసుకో..." అంటూ లేవబోయాను. అత్త నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా అంటే, ఆకు కోసి కోసి బండబారిన ఆ వేళ్ల గరుకు ఎముకకు తగిలింది.

"ఆగు" అంది నా చెవిలో. "ఒకటి లేసింది. అన్నీ లేయనీ."

మళ్లీ కూర్చున్నాను. మళ్లీ గింజలు.

ఆ తర్వాత ఒక్కొక్కటీ లేచాయి. బజారుకు వెళ్తే పాప బస్సుల మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని లోలోపల చదువుకోవడం చూశాను. పక్కింటి తమిళ పిల్లను ఏదో మాట అడిగి, దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తనే చెప్పడం విన్నాను. బెల్లం పొట్లం విప్పి, ఆ కాగితం మీద ఉన్నదంతా అవ్వకు చదివి వినిపించింది. ప్రతిసారీ నేను అత్త మొహం చూసేదాన్ని. ప్రతిసారీ ఆమె తల అడ్డంగా ఊపేది. నెలాఖరుకు మూడు రోజులు మిగిలాయి. రెండు రోజులు మిగిలాయి.

ఆదివారం. పొద్దు వాలుతోంది. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. ఉన్నట్టుండి సన్నగా వాన చప్పుడు. తీగ మీద పాప యూనిఫారం ఆరేసి ఉంది. రేపటికి తడిస్తే ఎలా అని చేతులు కూడా కడుక్కోకుండా లేచాను. తీగ దగ్గరికి వెళ్లి చూస్తే నేల పొడిగా ఉంది. ఆకాశం తేటగా ఉంది. చప్పుడు మాత్రం ఆగలేదు. అది ఇంట్లో నుంచి వస్తోంది.

గడప దగ్గర అత్త నిలబడి ఉంది. పెదవుల మీద వేలు పెట్టుకుని నన్ను దగ్గరికి రమ్మంది. లోపల పాప పెట్టె మీద నోటుపుస్తకం పెట్టుకుని రాస్తోంది. పెన్సిలు కదిలినప్పుడల్లా కింద ఖాళీ ఇనుప పెట్టె సన్నగా మోగుతోంది. ఆగకుండా, ఎక్కడా తడుముకోకుండా రాస్తోంది. పేజీ తిప్పింది. మళ్లీ రాస్తోంది.

"మేస్తాండాది" అంది అత్త.

నేను అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. సబ్బు చేతులు ఆరిపోయి చర్మం బిగిసింది. చీకటి పడుతుంటే అత్త వెళ్లి లైటు వేసింది, పాప తలెత్తలేదు. ఆ పూట అది రాసింది ఆ రోజు హోంవర్కు కాదు. సెప్టెంబరు నుంచి వదిలేసిన పాఠాలన్నీ మొదటి నుంచి. చాలావరకు పుస్తకం చూడకుండానే. రెండు నెలలుగా అది ఖాళీగా కూర్చోలేదని అప్పుడు తెలిసింది. కొత్త బడి, కొత్త భాషలు, కొత్త అక్షరాలు అన్నీ లోపల ఎక్కడో సర్దుకుంటూ ఉండింది. పైన నేను కేకలేస్తున్నా, స్కేలు విరుగుతున్నా, లోపల ఆ పని ఆగలేదు. అంత చిన్న ఒంట్లో అంత ఓర్పు ఎక్కడ దాచుకుందో! నా కడుపున పుట్టిన పిల్లను చూసి నాకు భయభక్తులు కలిగాయి. ఇంకో మాట దొరకడం లేదు. నిజంగా చేతులు జోడించాలనిపించింది.

తప్పులు లేవని కాదు, ఉన్నాయి. బడివాళ్లు ఎర్ర సిరాతో చాలాచోట్ల గీతలు గీశారు. కానీ మూడో తరగతిలోనే ఉంచారు. ఫస్టేమీ రాలేదు. ఆ సంవత్సరం క్లాసు మధ్యలో ఎక్కడో పాసైంది, నోరు విప్పి మళ్లీ మునుపటిలా నన్ను విసిగించడం మొదలుపెట్టింది.

మంగళవారం అత్త బయల్దేరింది. కొత్త పంటకు గుడ్లు తెచ్చుకోవాలి, తోటకు నీళ్లు కట్టాలి. నేనూ పాపా కుప్పం బస్టాండుకు వెళ్లి కిటికీ పక్కన సీటు పట్టి కూర్చోబెట్టాం. బస్సు కదలడానికి ఇంకా సమయం ఉంది. నేను కిటికీ దగ్గర కింద నిలబడి, ఇన్నిరోజులుగా అడగాలనుకున్నది అడిగాను.

"పురుగుల సంగతి నీకు తెలుసత్తా. బిడ్డ సంగతి ఎట్లా తెలిసింది? లేస్తుందని అంత ధైర్యంగా ఎట్లా ఉంటివి?"

అత్త తాంబూలం సంచి ముడి విప్పుతూ, ఏదో తెలిసిన సంగతే కదా అన్నట్టు అంది. "నువ్వు లేసినావు గదమ్మా. నీకు సంవత్సరం పైన పట్టె. దీనికి రెండు నెల్లు కూడా పట్టలే."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ పురుగులు పోయినాక నువ్వు పుస్తకాల పెట్టె మూసేస్తివి గదా. మీ ఆయన దినామూ అడుగుతానంటాడు, సదువుతాండావా లేదా అని. నేనే వద్దంటి. ఆ పిల్ల కూసోనుండాది, కదిలిస్తే పోతాది, అడగొద్దురా అంటి. పెట్టె తెరిసినాక ఆకు కోతకు పిలవకుండా నేనే పోతాంటి. మేసేటప్పుడు లేపకూడదు గదా." వక్క నోట్లో వేసుకుంది. "నువ్వు లేస్తావో లేవవో అని నాకూ భయమే అప్పుడు."

డ్రైవరు ఎక్కాడు. బస్సు కదిలింది. నేను చెయ్యి ఊపడం కూడా మరిచిపోయాను. నన్ను ఎవరూ పట్టించుకోలేదని పదేళ్లు మోసిన బాధ ఆ బస్టాండులో నిలబడి ఉండగానే నా చేతిలో నుంచి జారిపోయింది. ఆ సంవత్సరమంతా ఒక మనిషి నా మీద వంగి, ఊపిరి బిగబట్టి, చెయ్యి వెనక్కి పెట్టుకుని కాపలా కాసింది. నాకు తెలియనే లేదు. కళ్లనీళ్లు కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

పాప నా కొంగు లాగింది. "అమ్మా, పోదాం పా. నాకు హోంవర్కుండాది."

"ఉండనీలే" అన్నాను. "కొంచేపు ఆగు."

హోంవర్కును ఆగమని నా నోటితో నేను చెప్పడం అదే మొదటిసారి. బస్సు వెంకటగిరికోట రోడ్డు తిరిగే దాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.